గెలకే నంబరు

దుర్గ పలచటి ఇనుప బద్దను ట్యాబ్ అంచులోకి దూర్చి మెల్లగా లేపింది. పగిలిన అద్దం పెంకులు పెంకులుగా ఊడి పాత పేపరు మీద పడింది. సందుల్లో ఎండిన నెత్తురు నల్లగా అట్టకట్టి ఉంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో దాన్ని తుడిచి, లోపలి బోర్డుకు కేబుల్ తగిలించి, రెండో కొసను తన కంప్యూటర్‌కు పెట్టింది.

ఆ నెత్తురు ఆమె అన్న వీరబాబుది. ముందురోజు పొద్దున ఆ ట్యాబ్‌తోనే అతని తల పగలగొట్టారు. ఇప్పుడతను తలకు కట్టుతో, దమ్మపేటలో దుర్గ పనిచేసే ఇంటర్నెట్ సెంటర్ బెంచీ మీద కూర్చుని చూస్తున్నాడు.

"బతికున్నదా అది?" అన్నాడు.

"నీ తలకాయంత గట్టిది కాదు గానీ, బతికే ఉన్నది."

"అయితే అడుగు. నన్నెందుకు కొట్టిచ్చిందో."

దుర్గ అదే అడుగుతోంది.

వీరబాబు పామాయిల్ గెలల కలెక్షన్ సెంటర్‌లో గేటు మనిషి. రైతులు గెలలు కోసి ట్రాక్టర్లలో తెస్తారు. ఒక్కొక్కరే కాటా ఎక్కాలి. కోసిన గెల ఎక్కువసేపు ఆగదు. పండ్లు రాలిపోతాయి, నూనె పాడవుతుంది. అందుకే వరుస కోసం కొట్లాటలు. కొట్లాట అంటే ఇక్కడ మాటలతో అయ్యేది కాదు. గెల కోసే కొడవలి, బారెడు గొట్టానికి బిగించి ఉంటుంది, ప్రతి ట్రాక్టర్‌లోనూ ఉంటుంది.

ఆ సెంటర్ మొదలైనప్పటి నుంచీ ఒక కట్టుబాటు నడుస్తోంది. ట్రాక్టర్ ఇంకా తోటలో ఉండగానే రైతు ఒక గెలను సైకిల్ మీదో బండి మీదో తెచ్చి గేటు ముందు వరుసలో పెట్టి పోతాడు. కాడ మీద ఎవరింటి గాటు వాళ్లది. ఆ గెల అక్కడ ఉంటే మనిషి నిలబడ్డట్టే లెక్క. దాన్ని కదిలిస్తే మనిషి మీద చెయ్యేసినట్టే.

సెంటర్ నడిపే నాగలత మొన్న వేసవిలో ఆ వరుసను ఫోన్‌లోకి తెచ్చింది. ఖమ్మంలో ఉండే అనిల్‌కుమార్ యాప్ రాసిచ్చాడు. ఇంటి దగ్గరే ఫోన్ నొక్కితే నంబరు. గేటు దగ్గర వీరబాబు చేతిలో ట్యాబ్. గెలలు పెట్టడమూ ఎవరూ మానలేదు, కొన్ని వారాలు బాగానే నడిచింది.

నిన్న నడవలేదు. అడవి అంచు గూడెం నుంచి వచ్చిన పగిడయ్య ఫోన్‌లో నాలుగో నంబరు ఉంది. సత్తుపల్లి రోడ్డు మీద పెద్ద తోట ఉన్న ఉదయ్ భాస్కర్ ఫోన్‌లోనూ నాలుగో నంబరే. ట్యాబ్‌లో ఇద్దరూ లేరు. నేల మీద చూస్తే పగిడయ్య గెల రెండోది. ఉదయ్ భాస్కర్ ఆ గెలను కాలితో తన్ని కాలవలోకి దొర్లించాడు. పగిడయ్య కొడవలి గొట్టం తిప్పి అతని వీపు మీద వేశాడు. ఉదయ్ భాస్కర్ ఆ గొట్టాన్నే లాక్కుని పగిడయ్య చెయ్యి విరిగేదాకా కొట్టాడు. మధ్యలోకి పోయిన వీరబాబు చేతిలోని ట్యాబ్‌ను ఎవరో గుంజుకుని, అతని నెత్తి మీదే బాదారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. ట్యాబ్ చచ్చాక వరుసే లేకుండా పోయింది. జనం గేటు విరిచి లోపలికి పడ్డారు. పండిన గెలలు విసురుకున్నారు. పామాయిల్ గెలకు ముళ్లుంటాయి. తగిలిన ప్రతిచోటా తోలు లేచింది.

కంప్యూటర్ తెర మీద అక్షరాలు వచ్చాయి. దుర్గ వంగి చదివింది.

"దొరికిందా?" అన్నాడు వీరబాబు.

"పగిడయ్య మామ నొక్కిండు. ఆ మాట ఇవతలికి రానే లేదు. ఆ గూడెంల సిగ్నల్ లేదు గదా. ఉదయ్ భాస్కర్ సారుదీ అంతే, తోటల నుంచే నొక్కిండు. కానీ యాప్ ముందుగాల్నే ఇద్దరికీ నాలుగు అని చూపెట్టేసింది. తర్వాత పంపుదాం లే అనుకున్నది."

"అంటే అబద్ధం చెప్పింది."

"ఆశ పెట్టింది."

"రెండూ ఒకటే," అని వీరబాబు కట్టు సవరించుకున్నాడు. "చెల్లె, ముసురు పడితే గెలలు కుప్పలు వస్తయి. నేను గేటు కాడికి పోవాలె. ఈసారి గిట్లనే అయితే తలకాయ ఇంటికి రాదు."

"పని మానెయ్యి."

"మానేసి?"

అతను మానడని దుర్గకు తెలుసు. ఆమె ఎడమ ముంజేతి మీద గోళ్ల మచ్చలున్నాయి. చిన్నప్పుడు ఇప్పపువ్వు ఏరడానికి పోయినప్పుడు ఎలుగుబంటి పట్టుకుంది. వీరబాబు పారిపోలేదు. గొడ్డలి తిప్పి దాని ముట్టె మీద కొట్టాడు, అది వదిలేదాకా కొట్టాడు. అప్పటికి అతనికి మీసం కూడా రాలేదు. గేటు దగ్గర నిలబడమంటే నిలబడే మనిషి. అక్కడ నిలబడి క్షేమంగా ఇంటికి వచ్చేటట్టు చూడటమొక్కటే ఇప్పుడు దుర్గ ముందున్న పని.

ఆమె ఇంటర్మీడియెట్ దాకా చదివింది. ఇంటర్నెట్ సెంటర్‌లో జనానికి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతూ, ఆ పేజీలు ఎలా తయారవుతాయో చూడాలనిపించి విప్పి చూసింది. విప్పినవి మళ్లీ కట్టింది. కట్టినవి కావాలని విరగ్గొట్టి, ఎక్కడ విరిగాయో చూసింది. ఆ తీరుగానే, జాంగో అనే వెబ్‌సైట్లు కట్టే పనిముట్ల పెట్టెతో, ఒక ఎరువుల షాపుకు, ఒక చిట్ల ఆఫీసుకు వెబ్‌సైట్లు చేసిచ్చింది. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి.

నాగలత మర్నాడు ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చింది. ఆమెది తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకున్న కుటుంబం. మాటలో ఆ వాసన ఇంకా ఉంది.

"దుర్గా, నాకు యాప్ అక్కర్లేదు. మా గేటు దగ్గర నెత్తురు పడకూడదు. అంతే. నీ వల్ల అవుతుందా?"

"నెత్తురు సంగతి నేను చెప్పలేను మేడం. నంబరు తప్పు కాకుండా చేస్తా."

"మరి అనిల్‌కి ఏం చెప్పమంటావ్? బాధపడుతున్నాడు పాపం."

"రమ్మనుర్రి. నాకు ఆయనతోని పనున్నది."

అనిల్‌కుమార్ వచ్చాడు. మంచివాడే, పని తెలిసినవాడు. వచ్చీ రాగానే వీరబాబు తల చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని, "ఏంది నీ ప్లాన్?" అన్నాడు.

"జాంగోల రాద్దామనుకుంటున్న."

"అవ్, అనుకున్న. అది ఎడ్లబండి. ప్రతి దానికీ సర్వర్ కాడికి పోయి రావాలె. నేను రియాక్ట్ అనే వేరే సామానుతోని రాసిన. తెర ఫోన్‌లనే తయారైతది. నెట్ లేకున్నా నడుస్తది."

"నడిచింది గదా. మా అన్న నెత్తి మీదికెళ్లి."

అనిల్ ముఖం ఎర్రబడింది. "తప్పు రియాక్ట్‌ది కాదు. ముందు చూపెట్టి తర్వాత పంపమని నేను రాసిన. సర్వర్ ఒప్పుకున్నంకనే చూపెట్టమంటే అట్లనే చూపెడతది."

"నిజమే," అంది దుర్గ. "అందుకే నోటి మాట వద్దు. రెండింట్లనూ చేద్దాం. రెండింటినీ బాదుదాం. ఏది నిలబడితే అది."

అలాగే చేశారు. ఒకే చిన్న పని: గెల వచ్చింది, నంబరు ఇవ్వు, బోర్డు మీద చూపెట్టు. అనిల్ తనకు తెలిసిన దాంట్లో, దుర్గ జాంగోలో. పక్కపక్కనే కూర్చుని రాశారు.

అనిల్ తెర అందంగా వచ్చింది. నంబరు మారితే జారుతూ మారేది. దుర్గ బోర్డు కొద్ది క్షణాలకోసారి పేజీ మొత్తం మళ్లీ తెచ్చుకునేది, తెచ్చుకున్నప్పుడల్లా మిణుకుమనేది. "కండ్లు నొస్తయి దీన్ని చూస్తే," అని అనిల్ నవ్వాడు. దుర్గకూ అది నచ్చలేదు. కానీ లాగిన్, గేటు మనిషి ఏం చెయ్యొచ్చు కాటా మనిషి ఏం చెయ్యొచ్చు అన్న హద్దులు, తప్పు పడితే దిద్దుకునే పేజీలు, ఇవన్నీ జాంగోలో పెట్టెతో పాటే వచ్చాయి. అనిల్ వాటికోసం ఒక్కొక్క ముక్కా వేరే చోట నుంచి తెచ్చి అతికిస్తున్నాడు. అతికించడం అతనికి వచ్చు. రేపు అతను ఖమ్మం పోయాక ఆ అతుకులు ఊడితే ఎవరు చూస్తారన్నది దుర్గ అనుమానం. జాంగో పుస్తకం మొత్తం ఆమె చదివింది. ఏ బోల్టు ఎక్కడుందో చేతికి తెలుసు. ఇంకొకటి, జాంగో పంపేది మామూలు పేజీ. గూడేల్లోని పాత ఫోన్లు కూడా దాన్ని సులువుగా తెరుస్తాయి.

"సరే, ఇప్పుడు బాదుదాం," అని అనిల్ చిన్న ప్రోగ్రాం రాశాడు. వందలమంది ఒకేసారి గేటు మీద పడ్డట్టు అది సర్వర్ మీద పడుతుంది. మొదట తన దాని మీద వదిలాడు. ఊపిరాడక కొంచెం తడబడింది, నిలబడింది. తర్వాత దుర్గ దాని మీద వదిలాడు.

నిలబడింది. దుర్గ నవ్వబోయింది.

"ఆగు," అన్నాడు అనిల్. తెర మీద వేలు పెట్టాడు. "ఇగో చూడు. ఈ నంబరు ఇద్దరికి ఇచ్చినవ్. ఇది గూడ ఇద్దరికి."

దుర్గ చూసింది. నిజమే. చివరి నంబరు చదివి, ఒకటి కలిపి రాయమని ఆమె రాసింది. ఇద్దరు ఒకే క్షణంలో చదివితే ఇద్దరికీ ఒకటే వస్తుంది. గేటు దగ్గర అదే జరిగి ఉంటే మళ్లీ అదే నాలుగు, అదే కొడవలి.

"జాంగోల తాళం ఉన్నది," అన్నాడు అనిల్. "వేసుకునుడు నీ పని."

దుర్గ తాళం వేసింది. ఒకరు నంబరు తీసుకుంటుంటే ఇంకొకరు ఆగాలి. పైగా, ఒకే నంబరు ఒకే రోజు రెండుసార్లు రాయబోతే డేటాబేసే ఒప్పుకోకూడదని కట్టడి పెట్టింది. మళ్లీ బాదారు. అనిల్ సాయంత్రందాకా కసిగా బాదాడు. కరెంటు పీకాడు. మధ్యలో వైరు లాగాడు. సర్వర్ పడింది, లేచింది, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకుంది. ఒక్క నంబరూ చీలలేదు.

"ఎడ్లబండే," అన్నాడు చివరికి, "కానీ ఇరుసు గట్టిది. దీన్నే పెట్టు. ఫోటోలూ గీటోలూ పెట్టాలంటే చెప్పు, నేను చూస్త."

సర్వర్‌ను ఎక్కడో ఊరవతల పెట్టకుండా, కాటా గదిలోనే చిన్న కంప్యూటర్‌లో పెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. గేటు దగ్గర సొంత వైఫై. బయటి సిగ్నల్ ఉన్నా లేకున్నా పనిలేదు. గోడ మీద పాత టీవీయే బోర్డు. ఇంటి దగ్గర నుంచి నంబరు తీసుకోవడం బంద్, వచ్చినవాడికే నంబరు.

అసలు రోజుకు ముందు ఉత్తుత్తి వరుస ఒకటి పెట్టి చూద్దామని నాగలత అంది. కొంతమంది రైతులు వచ్చారు. పగిడయ్య చేతికి పట్టీతో వచ్చాడు. ఉదయ్ భాస్కర్ కూడా వచ్చి, "ఏదీ, మీ అడవి కంపెనీ ఏం చేసిందో చూద్దాం," అన్నాడు.

పగిడయ్య అందరికంటే ముందు వచ్చి గెల పెట్టి, చాయ్ తాగడానికి పోయాడు. తర్వాత వచ్చిన ఉదయ్ భాస్కర్ తన గెల పెట్టి, తిన్నగా కాటా గది కిటికీ దగ్గరికి నడిచి నంబరు అడిగాడు. కంప్యూటర్ ఇచ్చింది. ఒకటి. పగిడయ్య చాయ్ తాగి వచ్చాడు. అతనికి రెండు.

"నా గెల ముందున్నది," అన్నాడు పగిడయ్య.

"నా నంబరు ముందుంది," అన్నాడు ఉదయ్ భాస్కర్.

"గెల కనబడ్తలేదా నీకు? కండ్లు కాటా మీద పెట్టొచ్చినవా?"

"నంబర్లు చదవడం రానోడికి చెప్తే అర్థం కాదులే."

ఉత్తుత్తి వరుస అక్కడితో అయిపోయింది. పగిడయ్య బాగున్న చేత్తోనే అతని చొక్కా పట్టి గేటు కడ్డీకేసి గుద్దాడు. ఉదయ్ భాస్కర్ మోకాలితో కడుపులో పొడిచాడు. విడదీయబోయిన వీరబాబు పక్కటెముకల మీద ఎవరిదో మోచెయ్యి దిగింది. అతను కాసేపు ఊపిరందక మట్టిలో కూర్చున్నాడు. నాగలత గట్టిగా అరిచి అందరినీ బయటికి పంపించేసింది.

దుర్గ అన్న దగ్గర కూర్చుంది. అతని పెదవి చిట్లింది.

"కంప్యూటర్ తప్పు చెప్పలే గదా?" అన్నాడు.

"చెప్పలే."

"మరి?"

దుర్గ గేటు ముందు వరుసను చూసింది. తన్నుకున్న వాళ్లు వెళ్లిపోయినా గెలలు అలాగే ఉన్నాయి. కొట్టుకుంటూ కూడా ఎవరూ వాటిని తొక్కలేదు, చుట్టూ తిరిగి కొట్టుకున్నారు. ఇన్నాళ్లూ తాను మనిషికి నంబరు ఇవ్వడం ఎలాగా అని చూసింది. ఇక్కడ వరుసలో నిలబడేది మనిషి కాదు.

"అన్నా, నంబరు కిటికీ కాడ ఇయ్యొద్దు. గెల నేలకు తగిలిన కాడ ఇయ్యాలె. నువ్వే పోవాలె దాని కాడికి."

ఆ వారమంతా దుర్గ అదే మార్చింది. గెల నేల మీద పెట్టగానే వీరబాబు దాని దగ్గరకు పోతాడు. కాడ మీది గాటును ఫోన్‌తో ఫోటో తీసి పంపుతాడు. సర్వర్ నంబరు ఇస్తుంది. అది బోర్డు మీద, ఆ గాటు ఫోటోతో సహా కనబడిన తర్వాతే, ఆ నంబరున్న రేకు బిళ్లను చిన్న మేకుతో కాడకు కొడతాడు. బోర్డు మీదకు రానిదే బిళ్ల కొట్టకూడదు. ఇది దుర్గ పెట్టిన ఒకే ఒక్క నియమం. ఫోటోల బరువుకు సర్వర్ మొరాయిస్తే, ఖమ్మం నుంచి అనిల్ ఫోన్‌లోనే చెప్పి వాటిని చిన్నవి చేయించాడు. ఫోటోలు దాచుకోవడానికి జాంగోలో సదుపాయం ముందే ఉంది. లేకపోతే ముసురు పడేలోపు పని తెగేది కాదు.

ముసురు పట్టింది. ఒక రాత్రంతా కురిసి తెల్లారేసరికి గేటు ముందు గెలల వరుస రోడ్డు మలుపుదాకా సాగింది. వీరబాబు నెత్తిన ప్లాస్టిక్ కవరు వేసుకుని ఒక్కొక్క గెల దగ్గరా వంగుతున్నాడు. ఫోటో. బోర్డు వైపు చూపు. బిళ్ల. మేకు. సుత్తి దెబ్బ. దుర్గ కాటా గదిలో కంప్యూటర్ పక్కన నిలబడి ఉంది. ఆమెకు చెయ్యడానికి ఏమీ లేదు. నాగలత లారీల వాళ్లతో మాట్లాడుతూనే మధ్యమధ్య బోర్డు చూస్తోంది.

పగిడయ్య గెలకు ఏడు పడింది. అతని గాటు కాకికాలులా ఉంటుంది. ఉదయ్ భాస్కర్ ఆలస్యంగా వచ్చాడు, అతనికి పన్నెండు. అతని గాటు అడ్డంగా ఒకటే లోతైన నరుకు. పగిడయ్య ట్రాక్టర్ కోసం రోడ్డు మీదకు పోయాడు. వాన జోరుగా ఉంది, అందరూ రేకుల కిందకు చేరారు. ఆ సందులో ఉదయ్ భాస్కర్ ఏడో నంబరు బిళ్లను కొడవలి మొనతో పీకి, తన పన్నెండును పారేసి, తన గెలకు కొట్టుకున్నాడు. పగిడయ్య గెలను ముళ్లు గుచ్చుకుంటున్నా ఎత్తి వెనక్కి విసిరేశాడు.

"ఏడు!" అని, ఆరో ట్రాక్టర్ కాటా దిగగానే, వీరబాబు కేకేశాడు.

ఉదయ్ భాస్కర్ ట్రాక్టర్ కదిలి గేటు దగ్గరకు వచ్చింది. వీరబాబు గెలను చూశాడు. బిళ్ల ఏడే. బోర్డు చూశాడు. బోర్డు మీద కాకికాలు.

"సార్, ఇది మీ గాటు కాదు."

"బిళ్ల చూడరా. ఏడు కాదా అది?"

"బిళ్ల ఏడే. గాటు పగిడయ్యది కావాలె. బోర్డు చూడుర్రి."

రేకుల కింద ఉన్నవాళ్లంతా బోర్డు చూశారు. ఎవరో నవ్వారు. "సారుకు రాత్రికి రాత్రి కాకికాలు మొలిచిందిరా!" అన్నారు.

ఆ నవ్వే ఉదయ్ భాస్కర్‌ను లేపింది. ట్రాక్టర్ మీద నుంచి కొడవలి గొట్టం లాగి, ఒక్క ఊపున బోర్డు మీద వేశాడు. టీవీ నడుమ నుంచి పగిలి కిందపడింది. రెండో ఊపు వీరబాబు తల మీదికి వచ్చింది. అతను పక్కకు జరిగాడు గానీ, గొట్టం భుజమ్మీద దిగి కాలర్‌బోన్ చిట్లిన చప్పుడు వినబడింది. కొడవలి వంకీ అతని చెంపను తెంపుకుంటూ పోయింది.

జనం ఉదయ్ భాస్కర్ మీద పడ్డారు. గొట్టం లాగేశారు. బురదలో పడేసి తన్నారు. చేతికందిన గెలలతో కొట్టారు. ముళ్లు చొక్కాను చీల్చి వీపు తోలు తీశాయి. పగిడయ్య పరుగున వచ్చి, విరిగిన చెయ్యి సంగతి మరిచి, అతని మొహం మీద పిడికిలితో మోదాడు. "చంపుండ్రి!" అని ఎవరో అరిచారు. వెనకాల ఉన్న ట్రాక్టర్లవాళ్లు గేటు వైపు తోసుకొస్తున్నారు. బోర్డు లేదు. క్రితంసారి వరుస పోయింది సరిగ్గా ఇలాంటప్పుడే.

దుర్గ గదిలో నుంచి బయటకు ఉరికింది. నాగలత తన ఫోన్ తీసి పేజీ తెరిచి వీరబాబు చేతిలో పెట్టింది. టీవీ చచ్చినా సర్వర్ లోపల బతికే ఉంది. పేజీలో ఏడు, కాకికాలు, అలాగే ఉన్నాయి. "అందరూ మీ మీ ఫోన్లు చూడుర్రి! వరుస ఈడనే ఉన్నది, యాడికీ పోలే!" అని దుర్గ గొంతు చించుకుని అరిచింది. రేకుల కింద ఫోన్లు బయటికి వచ్చాయి. పాతవి, అద్దం పగిలినవి, రబ్బరు బ్యాండు వేసినవి. అన్నిట్లోనూ ఒకటే.

వీరబాబు నోట్లోకి నెత్తురు కారుతోంది. ఒక చేత్తో గేటు కడ్డీ పట్టుకుని, రెండో చేతిలో ఫోన్ చూస్తూ గొంతెత్తాడు.

"ఏడు! పగిడయ్య!"

పగిడయ్య పిడికిలి గాలిలో ఆగింది. వరుస పిలిచినప్పుడు పోకపోతే వరుస పోతుంది. అతను ఉదయ్ భాస్కర్‌ను వదిలి ట్రాక్టర్ వైపు నడిచాడు.

"ఎనిమిది!"

బురదలో తన్నుతున్నవాళ్లలో ఒకడు కాలు దించి లేచాడు. "నాదే, నాదే!" అంటూ ఉరికాడు.

"తొమ్మిది! జల్దీ!"

ఇలా ఒక్కొక్కరే విడిపోయారు. పిలిచిన కొద్దీ కొట్టే చేతులు తగ్గాయి. చివరికి ఉదయ్ భాస్కర్ ఒక్కడే మోకాళ్ల మీద కూర్చుని నోట్లోని మన్ను ఉమ్ముతున్నాడు. నాగలత వీరబాబును దవాఖానాకు పొమ్మంది. "ఈ వరుస అయిపోనీయుర్రి మేడం," అన్నాడు. చెంపకు దూది ఒత్తి పట్టుకుని పిలుస్తూనే ఉన్నాడు.

"పన్నెండు! ఉదయ్ భాస్కర్!"

గేటు దగ్గర అందరూ అతన్ని చూశారు. ఎవరో, "వాని నంబరు గూడ పిలుస్తవా?" అన్నారు.

"వాని గెల పన్నెండోది," అన్నాడు వీరబాబు.

ఉదయ్ భాస్కర్ ట్రాక్టర్ పట్టుకుని లేచాడు. అతని గెలను ఎవరూ కదిలించలేదు. కాకపోతే దాని బిళ్ల మాత్రం తప్పు. వీరబాబు వంగి ఆ ఏడును పీకి జేబులో వేసుకున్నాడు. ఉదయ్ భాస్కర్ ఎవరి వైపూ చూడకుండా ట్రాక్టర్‌ను కాటా ఎక్కించాడు.

వరుస అయిపోయాక వీరబాబును ఆటోలో దవాఖానాకు తీసుకుపోయారు. కాలర్‌బోన్‌కు పట్టీ వేశారు, చెంపకు కుట్లు వేశారు. "తల బాగున్నది," అని డాక్టర్ అన్నాడని ఇంటికొచ్చి దుర్గతో చెప్పాడు. ముసురు ఆగలేదు. పట్టీతోనే అతను గేటు దగ్గరకు పోయాడు. పోయాడు, వచ్చాడు. మళ్లీ పోయాడు, మళ్లీ వచ్చాడు. ఒక్కోరోజు మాటా మాటా అనుకునేవారు. ఒకసారి ఇద్దరు చెంపలు వాయించుకున్నారు. వీరబాబు మీద మాత్రం ఎవరూ చెయ్యెత్తలేదు. ఉదయ్ భాస్కర్ పనివాళ్ల చేత గెలలు పంపుతున్నాడు.

వానలు తెరిపి ఇచ్చిన రోజు దుర్గ కాటా గదికి వచ్చింది. కొత్త టీవీ గోడకు ఎక్కింది. ఆమె నాగలతను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"మేడం, ఇయ్యాల్టి నుంచి ఇది మీది. కరెంటు పోయి వస్తే దానంతట అదే లేస్తది. లేవకపోతే ఈ బటన్. రోజూ సాయంత్రం ఈ పెన్‌డ్రైవ్‌లకు కాపీ పడ్తది, మీరు పీకి ఇంటికి తీస్కపోవాలె. తప్పు పడితే ఈ పేజీల దిద్దొచ్చు, కానీ ఎవలు దిద్దిండ్రో అందులనే ఉంటది. మీరు దిద్దినా ఉంటది."

"నా మీద కూడా నిఘానా?" అని నాగలత నవ్వింది.

"అందరి మీద."

నాగలత అన్నీ తన చేత్తో చేసి చూసింది. ఒకసారి కరెంటు పీకి పెట్టింది. ఒకసారి తప్పు నంబరు కావాలని రాయబోయింది, కంప్యూటర్ ఒప్పుకోలేదు. అప్పుడు నమ్మింది.

"ఇంకేమన్నా ఉందా?"

"ఒకటున్నది. ఇప్పటిదాకా పాస్‌వర్డ్ నాది. మీరు మార్చుకోవాలె. నేను అటు తిరుగుత."

దుర్గ కిటికీ వైపు తిరిగింది. బయట వీరబాబు ఒంగి కాడకు మేకు కొడుతున్నాడు. వెనకాల నాగలత వేళ్లు కీబోర్డు మీద తడుముకుంటూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ వినిపించాయి.

"అయింది," అంది నాగలత.

దుర్గ తన ఫోన్ తీసి పాత పాస్‌వర్డ్‌తో లోపలికి పోబోయింది. తప్పు అని వచ్చింది. ఇంకోసారి కొట్టి చూసింది. మళ్లీ తప్పు అనే వచ్చింది. తన కేబుళ్లు చుట్టి సంచిలో వేసుకుంది.

"పోయొస్త మేడం."